గుడి లేని సంతకం

ఒక పుస్తకంలో నూట మూడంటే హత్య.
పక్క పుస్తకంలో నూట మూడంటే సోదా.
కొత్త చట్టాలొచ్చి అంకెలన్నీ ఇళ్లు మారాయి.
పాత నంబర్లు మర్చిపోండి,
కానీ కోర్టులో పెద్ద ప్లీడర్ల ముందు మర్చిపోకండి
అన్నారు కూర్మారావు సారు.

శ్రీకాకుళంలో మధ్యాహ్నం క్లాసు.
ఫ్యాను తిరగదు. కిటికీలోంచి నాగావళి ఇసుక లారీల మోత.
"సోదా చేసే ముందు ఆ ప్రాంతంలో ఉండే
ఇద్దరు లేదా అంతకు మించి
స్వతంత్రులూ గౌరవనీయులూ అయిన వాళ్లని పిలవాలి."
రాసుకున్నాను. గౌరవనీయులు కింద గీత గీశాను.
ఎందుకు గీశానో అప్పటికి తెలీదు.

మూట్ కోర్టుకని ఇచ్చిన పాత కేసు కట్ట
పంతొమ్మిదేళ్ల కిందటిది.
జిరాక్సుకి జిరాక్సు, చెదిరిన చీమల బారు.
ముద్దాయి గేదెల అసిరయ్య, కూలి, ఆమదాలవలస.
స్వాధీనమైనవి: ఇత్తడి బిందెలు రెండు,
రాగి తీగ మూడు కిలోలు,
సైకిలు ఒకటి, బెల్లు లేదు.
బెల్లు లేదని కూడా రాశారు. అంత నిజాయితీ.
అడుగున మధ్యవర్తులు.
ఒకటో పేరు అలుక్కుపోయింది.
రెండోది, ఇప్పిలి తవటయ్య.

తవిటయ్య కాదు, తవటయ్య.
తన పేరులో గుడి పెట్టడం మరిచే మనిషి
ఈ జిల్లాలో నాకు తెలిసి ఒక్కడే.
నా పదో తరగతి ప్రోగ్రెస్ కార్డు మీదా అలాగే మరిచాడు.

రాత్రి గ్లాసులు కడుగుతూ అడిగాను.
మా టీ కొట్టుకి స్టేషను ఎదురే.
"ఏటమ్మా, సంతకవే గదా.
రైటరు బావు పిలిసీవోడు, తవిటయ్యా,
టీలు అయిదట్టుకొచ్చి అలగే ఓ సంతకం ఎట్టీసి ఎల్లని.
కాయితం మీద ఏటీ ఉండీది కాదు. ఆనక రాసుకునీవోరు."
"బిందెలు చూశావా?"
"ఏ బిందెలు?"
కాసేపాగి, "అసిరిగాడా? మన కాడే టీ తాగీవోడు.
అయిదు రూపాయలు బాకీ ఉండిపోనాడు."

మునుపు నాన్నది వేలిముద్రే.
వేలిముద్రలో గౌరవం లేదని
ఆ రైటరే మూడు సాయంత్రాలు కూచోబెట్టి
డైరీ అట్ట వెనక సంతకం నేర్పాడట.
గుడి దగ్గరికొచ్చేసరికి టీ పొంగిపోయి ఉంటుంది.
"కోర్టులో నన్ను తవిటయ్య గారూ అన్నారమ్మా"
అని చెప్పేటప్పుడు తడి చేతులు తుడుచుకున్నాడు.

అసిరయ్యకి రెండేళ్లు పడింది.
నాకప్పుడు మూడేళ్లు.
ఆ ఏడే కొట్టుకి రేకుల కప్పు వేశామని అమ్మ అంటుంది.
రెండింటికీ సంబంధం ఉందా అని అడగలేదు.
క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి పాఠం,
జవాబు తెలియని ప్రశ్న వెయ్యకు.
జవాబు తెలిసిన ప్రశ్న గురించి
పాఠంలో ఏమీ లేదు.

చీటీ తీస్తే నాకు ప్రాసిక్యూషన్ వచ్చింది.
అరువు తెచ్చుకున్న నల్లకోటులో నిలబడి
సాక్షి స్వతంత్రుడు, గౌరవనీయుడు,
అబద్ధమాడాల్సిన అవసరం లేనివాడు అన్నాను.
గొంతు ఎక్కడా వణకలేదు.
గెలిచాను. బహుమతి గోడ గడియారం.
అదిప్పుడు కొట్టులో వేలాడుతోంది,
స్టేషను గేటుకి సరిగ్గా ఎదురుగా.

నిన్న స్కాలర్‌షిప్ ఫారం నాన్న ముందు పెట్టాను.
చూడకుండానే చెవి మీద పెన్ను తడుముకుని
"ఎక్కడమ్మా?" అన్నాడు.
ఫారం వెనక్కి లాక్కున్నాను.
ముందు చదువుతాను, విను.

పేరు. తండ్రి పేరు. ఏడాది రాబడి.
పైన చెప్పినవన్నీ నిజమని, అబద్ధమైతే శిక్షకి...
గేటు దగ్గర కానిస్టేబులు అయిదు వేళ్లు చూపించాడు.
నాన్న లేవలేదు.
"ఊఁ, తర్వాత?" అన్నాడు.
పాలు మాడుతున్న వాసన.
చదువుతూనే ఉన్నాను.