పై తూము

సాయంత్రం ఏడు దాటితే
నా ఫోను కాలవగట్టు పంచాయతీ.
"ఏంది మాల్యాద్రీ, చక్రం తిరగతానే ఉండాది"
మూడో వీధి షంషాద్.
జాకెట్టు మెడ ఎంత లోతో విడవలూరు బేరానికి
వీడియోలో చూపించాల ఆమె.
రొయ్యల రేటు తెరుచుకునే లోపల
లారీ వెళ్ళిపోయిందని ఒకాయన తిట్టు.
పరీక్ష మధ్యలో తెగిపోయిందని
ఒక పిల్ల, పేరైనా చెప్పకుండా
ఏడ్చి పెట్టేసింది.

బుచ్చిరెడ్డిపాళెంలో నాలుగు వార్డులు,
మూడొందల పన్నెండు ఇళ్ళు,
ఇంటర్నెట్ పారించేది నేనే.
తెర మీద ఇంటికో గీత.
అన్నీ గడ్డిపరకలు.
ఒక్కటి మాత్రం తాడిచెట్టు.
నూట నలభై ఏడు. కె. పెంచలరావు.
రాత్రీ లేదు పగలూ లేదు దానికి.

మా నాయన కనిగిరి రిజర్వాయరు కింద లస్కరు.
షట్టరు తిప్పే ఇనప కడ్డీ ఆయన మూడో చెయ్యి.
వరికా చెరుక్కా అని ఏనాడూ అడగలా.
ఎవురి వంతు, ఎన్ని గంటలు,
అంతే ఆయన చదివిన శాస్త్రం.
కొస మళ్ళోడు తుండుగుడ్డ నెత్తినేసుకుని
వొచ్చి నిలబడితే చాలు,
పై తూము రెండు మరలు దిగేది.
ఒక ఏడు మాత్రం
మా పంచలో మొలగొలుకుల బస్తా దిగింది.
ఆ ఏడు పై తూము దిగలా.
అమ్మ వొండింది, మేం తిన్నాం.
అదీ చెప్పాల గదా.

నా చేతిలో కడ్డీ లేదు, తెర మీద ఒక గడి.
అందులో అంకె మారిస్తే
తాడిచెట్టు గడ్డిపరకవుద్ది.
"పైనించే బాలేదు సార్" అంటే నమ్ముతాడు.
కంపెనీవోడు ఇంకో సరుకు తెచ్చాడు మొన్న:
ఏ ఇంట్లో ఏం పారతా ఉందో విప్పి చూస్తదంట,
పంచుకునే ఫైళ్ళని ఏరి పట్టి
గొంతు నులుముద్దంట.
కవరు చింపి చదివే పోస్టుమాను గుర్తొచ్చాడు.
వొద్దన్నా. ధర కూడా ఎక్కువే లే.

గడి మీద వేలు పెట్టి, తీసి,
చెప్పులేసుకున్నా.

బస్టాండు కాడ క్యాసెట్ల కొట్టు ఉండేది పెంచలరావుకి.
ఇప్పుడా కొట్టంతా ఆయన మంచం కింద.
జొన్నవాడ తిరణాళ్ళలో గొంతు పోయిందాకా
చెప్పిన బుర్రకథలు,
తోలుబొమ్మలాటోళ్ళ రాత్రులు,
ఊరు పేరు రాయని భజనలు.
"సినిమాలూ ఉన్నాయిలే, నీకు అబద్ధమెందుకు."
తెర నాకేసి తిప్పాడు.
తీసుకునేది చారెడు, ఇచ్చేది పుట్టెడు.
గుంతకల్లోడికి ఒక ముక్క, ఆదిలాబాదోడికి ఒక ముక్క,
అందినోడు ఇంకోడికి.
మడి నిండితే గెనిమ తెగ్గొట్టి
పక్క మడికి వొదిలినట్టు.

"ఆపేసేదానికి వొచ్చావా?"
"ఆపను. ఆరునించి పదకొండు దాకా కాస్త..."
"నీ కాయితంలో అన్‌లిమిటెడ్ అనుంది గదబ్బా?"

ఉంది.
నేనే అచ్చేయించా, ఎర్ర అక్షరాల్లో.
ఒకే కాలవని మూడొందల పన్నెండు మందికి
మొత్తం నీదేనని అమ్మినోణ్ణి.
అందరూ ఒక్కసారే తూము తెరవరులే
అనే ధైర్యమే నా పెట్టుబడి.
నిజంగా తెరిచినోడు
నా లెక్కలో దొంగయ్యాడు.

రేయి వంతుకి ఒప్పుకున్నాడు ఆయన.
"పగులూ రాత్రీ ఒకటేలే నాకు, నిద్ర యాడిది" అన్నాడు.
మర్నాడు ఆరింటికి అంకె దించా,
చెప్పి మరీ దించా.
తెర మీద తాడిచెట్టు లేదు.
గడ్డిపరకలన్నీ ఒకే ఎత్తున
వొంగి ఉన్నాయి.

ఏడూ పదికి ఫోను.
"మాల్యాద్రీ, తిరగతానే ఉండాది."

నెల్లూరు నించి ఇంకో లైను లాగితే నెలకెంతో
చీటీ వెనక రాశా.
కొట్టేశా.
మళ్ళీ రాస్తా ఉన్నా.