రెండో గడి

ఇరవై రెండేళ్లు ఆ దారిన పాల ట్యాంకర్ తోలాను.
ఎస్తోనియా మ్యాపులో గోరంత కూడా లేని ఊళ్ల మధ్య
ఎడమన అడవి, కుడిన మడుగు, నడుమ తారు.
వానపడ్డ ఏప్రిల్ రాత్రుల్లో
టైర్ల కింద ఏదో మెత్తటి చప్పుడు.
తడి ఆకులనుకున్నాను.
అనుకోవడం తేలికే. క్యాబిన్‌లో హీటరుంటుంది,
రేడియోలో ఎవరో అకార్డియన్ వాయిస్తుంటారు,
ఐదింటికల్లా పాలు డెయిరీకి చేరాలి.

ఓ రాత్రి మలుపులో టార్చిలైటు అడ్డమొచ్చింది.
పసుపు కోటు, మోకాళ్ల దాకా బూట్లు,
చేతిలో పులిసిన క్యాబేజీ వాసన వదలని బకెట్టు.
మా వాడికి లెక్కలు చెప్పిన మైమూ టీచరు.
"ఆపు, హెల్దూర్. దిగి చూడు."

దిగాను.
రోడ్డు నడుస్తోంది.
చలికాలమంతా మట్టిలో పడుకుని లేచిన గోదురు కప్పలు
పుట్టిన మడుగు వాసన పట్టుకుని
ఒక్కో అడుగూ కూడబలుక్కుంటూ పోతున్నాయి.
కొన్నిటి వీపు మీద మగవి,
టిక్కెట్టు కొనని ప్రయాణికుల్లా, దర్జాగా.
నా హెడ్‌లైటు తగలగానే ఆగిపోయాయి.
వాటికి పరుగు రాదు.
భయమేస్తే నిలబడతాయి,
అంతే.

ఆదివారం ఊరి హాల్లో మీటింగు.
కప్పల తక్కెడే అనుకోండి,
ఒకర్ని కూచోబెడితే ఇంకొకరు లేచారు.
"ఇవాళ కప్పల కోసం రోడ్డు మూస్తారు,
రేపు దోమల కోసం నా నోరు మూస్తారా?"
అన్నాడు రంపపు మిల్లు విల్యార్.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
టీచరు నోటుబుక్కు తెరిచింది.
పేజీకి రెండు గళ్లు:
దాటినవి, దాటనివి.
తొమ్మిది ఏప్రిళ్లు, గుండ్రటి చేతిరాతలో.
రెండో గడి మాత్రం పైకి చదివింది
తేదీ వెంట తేదీ, హాజరు పిలిచినట్టు.
ఎవరూ "ఉన్నాను" అనలేదు.

మంగళవారం, శుక్రవారం, మళ్లీ మంగళవారం.
అంకెలు పెద్దవైన రోజులు నా డ్యూటీ రోజులు.
ఆమె నా వంక చూడలేదు.
చూసి తిట్టినా బాగుండేది.

ఇప్పుడు వానరాత్రుల్లో ట్యాంకర్‌ని చుట్టుదారిన తిప్పుతాను,
పద్నాలుగు కిలోమీటర్లు ఎక్కువ.
డీజిలు లెక్క దగ్గర మేనేజరుతో రోజూ గొడవే.
సెలవు రాత్రుల్లో నాకూ ఓ బకెట్టు.

మొదటిసారి కప్పని పట్టుకున్నప్పుడు
చిల్లర పర్సంత బరువు, చల్లగా,
బొటనవేలి కింద దాని గొంతు కొట్టుకుంటోంది.
కిచ్‌మని కసిరింది.
"మగదిలే" అంది విల్యార్ కూతురు క్యార్ట్, తొమ్మిదేళ్లది.
"నువ్వూ ఓ కప్పవే అనుకుని వదలమంటోంది."

ఆ పిల్లకి గొడుగు పట్టడానికే వచ్చానంటాడు విల్యార్.
ఆ గొడుగు మూడు రాత్రులుగా కారులోనే ఉంది.
వాడు మోకాళ్ల మీద, గుంటలో,
నూట నలభై, నూట నలభై ఒకటి,
గట్టిగా, మిల్లులో దుంగలు లెక్కపెట్టే గొంతుతో.

మడుగులో ఇంకో జాతి కప్పలున్నాయి.
ఏడాదికి ఓ వారం మగవి నీలంగా మారతాయి,
సిరా ఒలికినట్టు.
ఇన్నేళ్లూ పక్క నుంచే పోయాను.
తల తిప్పింది లేదు.

నిన్న మొదటి గడిలో మూడు వందల పన్నెండు.
రెండో గడిలో నాలుగు.
"ఎవడో పైవూరి కారు, బుద్ధిలేనోడు" అంది క్యార్ట్.
నేనేమీ అనలేదు.
వాడి హీటరు ఎంత వెచ్చగా ఉంటుందో నాకు తెలుసు.

వాన మళ్లీ పట్టుకుంది.
బకెట్టు అడుగున గోళ్ల చప్పుడు.
మడుగు ఇంకా నలభై అడుగులుంటుంది.