పన్నెండు అంగుళాల అక్షరాలు

కోరమంగలలో కాఫీ హోటల్ మూసేశారు.
బిగించిన చేత్తోనే విప్పడానికి పోయాను.
పోయిన శ్రావణంలో నిచ్చెనెక్కి
ఒక్కోదానికి నాలుగు బెజ్జాలు కొట్టి
వరస కుదిరిందా అని రోడ్డుకవతల నిలబడి
ఒక కన్ను మూసి చూసుకున్న అక్షరాలు:
ఎస్, ఎల్, ఏ, టీ, ఈ.
స్లేట్ అంటే పలక అని ఆ రోజు చెప్పింది చెంగప్ప సారే.

విప్పాక కూడా గోడ ఆ పేరు వదల్లేదు.
ఎండ తగలని చోట ఐదు లేత మచ్చలు,
ఇరవై బెజ్జాలు.
"నీ నాలుగు వేలు ఇప్పట్లో కాదు, ఇవి తీసుకుపో"
అన్నాడు సారు, గోడకేసి చూస్తూ.
గోనెసంచిలో చుట్టి, బస్సులో కాళ్ల మధ్య పెట్టుకున్నా.
గుంత వచ్చినప్పుడల్లా
లోపల అవి ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

శ్రీరాంపురలో మా ఇల్లు ఒక్క గది.
మంచం కిందికి ఎంత తోసినా ఎల్ కాలు బయటికే.
దాన్ని తన్నుకుని చందన లేచి కూర్చుంది.
ఆరో క్లాసు. బడిలో కొత్త ఆటట:
ఐదక్షరాల మాటలు, అన్నిట్లో అవే ఐదు,
ఒకటి మిగలకూడదు, ఒకటి అరువు తేకూడదు.

నేలమీద పరిచి, జరిపి, "స్టీల్" అంది.
అవును, స్టీలే, మూడొందల నాలుగు గ్రేడు, తుప్పు పట్టదు అన్నా.
"అది కాదప్పా, ఇది దొంగతనం.
నీ స్టీలుకైతే రెండు ఈలు కావాలి."
నేను గోనెసంచి మడత పెట్టుకుంటూ ఉండిపోయా.

మళ్లీ జరిపింది. లీస్ట్. అన్నిటికన్నా తక్కువ.
ఇది నాకెవరూ అర్థం చెప్పక్కర్లేదు.
మళ్లీ జరిపింది. టేల్స్. కథలు.
మళ్లీ జరిపి ముక్కు మూసుకుంది: స్టేల్, చద్దిది.
నాకు నవ్వొచ్చింది.
మడకశిరలో పెద్దల మాటే చద్దిమూట,
ఈ ఇంగ్లీషు పొద్దున్నే ఏం తింటుందో పాపం.

"తెలుగులో ఇట్లా కుదరదు కదప్పా?"
కుదరదనే అనబోయా.
తెలుగు బోర్డంటే షాపులో అందరికీ విసుగే,
ఒత్తు వేరే కొయ్యాలి, తలకట్టు వేరే,
కొమ్ము ఊడిందంటే అర్థమే ఊడుతుంది.
ఈ ఇంగ్లీషువాళ్లు అద్దె గదుల్లోవాళ్లు,
ఎవరి తలుపు వాళ్లది, ఎవరి రేటు వాళ్లది.

కానీ నోట్లో పలక ఇంకా ఉంది.
ప, ల, క.
వెనకనుంచి చదివా.
కలప.
మా నాయన వడ్రంగి. నా నల్ల పలకకు
చింతకలపతో చట్రం కట్టింది ఆయనే.
రెండేళ్లు దాన్ని చంకలో పెట్టుకుని తిరిగిన నేను
ఇంత వయసొచ్చాక చూశానా ఈ మాట!
చందన నోట్‌బుక్ వెనక అట్టమీద రాసుకుంది,
మూడు అక్షరాలకు లెక్కలోకి రాదులే అంటూనే.

శనివారం కబ్బన్‌పేటలో రుద్రేగౌడ కేకేశాడు.
చిక్‌పేట చీరల షాపుకు సేల్ బోర్డు, రాత్రికే కావాలి,
కొత్తవి కొయ్యడానికి టైము లేదు.
ఎస్, ఏ, ఎల్, ఈ.
పద్దెనిమిది వందలు చేతిలో పెట్టాడు.
ఇంటికొచ్చాక మంచం కిందికి వంగి చూసి
చందన ఏమీ అనలేదు.
అనుంటే బాగుండేది.

టీ ఒక్కటి మిగిలింది.
పొయ్యి పక్క గోడకు రెండే బెజ్జాలు కొట్టి బిగించా.
గంగరత్నకు ఇంగ్లీషు చదవడం రాదు,
కొక్కెం బాగుంది అని
ఒక చేతికి జల్లెడ తగిలించింది, ఒక చేతికి మసిగుడ్డ.

లైటు ఆర్పబోతుంటే
పక్కమీద నుంచి చందన దాన్ని పైకే చదివింది:
"టీ."
"ఈ వేళప్పుడా? పాలు లేవు, పడుకో"
అంది వాళ్లమ్మ.