ఎడమ చుట్టు

మొదట గోడ చెమర్చింది.
దేవుడి పటం వెనక, అరచేయంత.
వానజెమ్మ అన్నాడు మునిరత్నం.
పెరంబూరులో ఏప్రిల్ నెల,
వాన మాట అటుంచు
మబ్బు తునక కూడా లేదు.

తర్వాత బిందె అడుగున ఎర్రటి ఒండు.
బియ్యం కడిగితే బియ్యానికి రంగు,
చొక్కా ఉతికితే చొక్కాకి మచ్చ,
దానికి నా ఉతుకు మీద ఒక వ్యాఖ్యానం.
ఎంసీల్ ముద్ద పిసికి పెట్టాడు,
సైకిల్ ట్యూబు ముక్క చుట్టాడు,
ఇంకో ఏడాది లాగుతుందన్నాడు.
కార్ఖానాలో రైలుపెట్టెలు బాగుచేసే మనిషి.
పెట్టెలకున్న భాగ్యం
మా పైపులకి లేదు.

నేనే పిలిచాను ఏళుమలైని.
గాజులకని కట్టిన చీటీ డబ్బు
చేతికొచ్చిన మర్నాడు,
ఎవర్నీ అడక్కుండా.

అతను ముందు సుత్తి తియ్యలేదు.
గోడకి చెవి ఆనించాడు,
అప్పు వసూలుకొచ్చినవాడు
లోపల మనిషున్నాడా లేడా అని వింటాడే, అలా.
ఇక్కడ, అని సుద్దతో గీత మొదలెట్టాడు.
వంటింట్లోంచి స్నానాలగదికి,
అక్కణ్ణించి మేడమీద ట్యాంకుకి
గీత పోతూనే ఉంది.
దాని వెనకే నేను
ఒక గాజు, రెండు గాజులు, నాలుగు...

ఉలి దెబ్బకి సున్నం రాలింది.
తెలుపు కింద నీలం, నీలం కింద చిలకపచ్చ.
మాకు ముందున్నవాళ్ళలో ఎవరికో
పచ్చంటే ఇష్టం కాబోలు.
ఇటుక వెనక పైపు.
ముక్క కోసి వెలుతురుకి పట్టాడు.
అంగుళం గొట్టంలో
చిటికెనవేలు దూరనంత కన్నం,
మిగతాదంతా తుప్పు.
ఇన్నాళ్ళూ ఇంత సందులోంచేనా
మా పప్పు ఉడికింది,
మా ఆడబిడ్డకి పురుడు పోసింది?

ఇనుము కాగితమంత పల్చనైంది చూడమ్మా,
తరిగిందంతా ఎక్కడికి పోయుంటుంది, అన్నాడు.
అతని తెలుగులో సగం తమిళం,
నా తమిళంలో సగం తెలుగు,
లెక్క సరిపోయింది.
తాగేశాం అన్నాను.
గ్లాసు గ్లాసుగా
గోడలో పైపుని తాగేశాం.

మూడో కీలు దగ్గర అతని చెయ్యి ఆగింది.
జనపనార, దానిమీద సిందూరం ఎండి రాయైంది.
గోటితో గీరాడు.
ఇది మా నాన్న చుట్టు.

ఎలా తెలుసు?

నార అందరూ కుడికి చుడతారమ్మా,
మర తిప్పేకొద్దీ బిగుస్తుంది.
ఇది ఎడమకి ఉంది.
ఈ వైపు వీధులన్నిట్లో
ఎడంచేత్తో రెంచి పట్టింది ఆయనొక్కడే.
తప్పు చుట్టు. విడిపోవాలి అసలు.
నాకు మాత్రం చేతిమీద కొట్టి
కుడి చుట్టే నేర్పాడు.

ఎన్నాళ్ళ కిందటిది?
వేళ్ళు మడిచి, మళ్ళీ విప్పి,
నేను పుట్టకముందు, అన్నాడు.
కారుతున్నది ఇది కాదు.
కారేది ఆ పక్కది,
ఎవరో పద్ధతిగా చుట్టింది.

దాచుకుంటాడేమో అనుకున్నాను.
కోసి, గోతంలో పడేశాడు.
పాత ఇనుము కిలో ముప్పై రెండు,
మీకు సగం నాకు సగం.
టీలో రెండోసారి చక్కెర అడిగాడు.
ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

కొత్త పైపు తెల్లగా, తేలిగ్గా, పిల్లల ఆటవస్తువులా.
నార అక్కర్లేదు, సిందూరం అక్కర్లేదు,
కుడీ ఎడమా లేదు.
జిగురు పూసి, దూర్చి,
పది లెక్కపెట్టేదాకా కదలకుండా పట్టుకోవడమే.
ప్రతి పదికీ
అతను పట్టుకున్నది ఎడంచేత్తో.

తెల్లవారుజామున నాలుగింటికి
మెట్రో నీళ్ళ వేళ.
పాత పైపైతే ముందు దగ్గేది,
తలుపు తట్టినట్టు మూడు దెబ్బలు కొట్టేది,
లేచి మోటారు వేసేదాన్ని.
ఇవాళ ఏ చప్పుడూ లేదు,
అయినా మెలకువొచ్చింది.

చీకట్లో మునిరత్నం
గోడకి చెవి ఆనించి నిలబడున్నాడు.
వస్తున్నాయా? అన్నాను.
ఉష్, అన్నాడు.
చెంపకి పచ్చి సిమెంటు.
గాజుల సంగతి
ఇంకా అడగలేదు.