ముప్పై సెకన్ల గది

ఓడిలాన్, ఇవాళ నీ సొరుగు తెరిచాం.
గెంట్‌లో వాన.
నీ అంత్యక్రియలకి వేసుకున్న కోటే
మళ్ళీ తగిలించుకొచ్చాను, ఇంకోటి లేదు.
మీ చెల్లెలు గోడలీవె కాఫీ కాచింది.
చక్కెర ఎక్కడుందో ఆమెకి తెలీదు, నాకు తెలుసు,
"డిసెంబరు, పారెయ్యాలి" అని రాసిపెట్టిన
టేపు డబ్బాలో.

సొరుగులో ఏముంటాయి.
రబ్బరు బ్యాండు వేసిన బాకీలు.
రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీ వాళ్ళ మూడో హెచ్చరిక, నాలుగో హెచ్చరిక,
ఐదోది లేదు, వాళ్ళకే విసుగొచ్చి ఉంటుంది.
నాతో రాసుకున్న ఒప్పందం కూడా దొరికింది,
రొట్టెల కొట్టు కాగితం వెనక
రెండే ముక్కలు.
పాట నీది. అప్పు నాది.
కింద ఇద్దరి సంతకాలు, ఒక వెన్న మరక.

పగలంతా రేవులో కస్టమ్స్ బల్ల దగ్గర
ఎవరెవరి పెట్టెల మీదో ముద్రలు గుద్దేవాడివి.
రాత్రి, సైకిలు షాపు పైన అద్దె గదిలో
మైకుల మధ్య చెప్పుల్లేకుండా నడుస్తూ
మమ్మల్ని చూసి నవ్వేవాడివి,
"సుంకం కట్టక్కర్లేని సరుకు వచ్చింది" అని.

నా మొదటి రికార్డు
రెండొందల పన్నెండు కాపీలు పోయింది.
ఎవరడిగినా అంకె చెప్పేవాడివి కాదు,
మనుషుల్ని చెప్పేవాడివి.
లీజ్‌లో ఒక పళ్ళ డాక్టరు,
ఓస్టెండ్‌లో చేపలమ్మే ఆవిడ,
డబ్బు ముందే పంపి, రికార్డు వచ్చేలోపు
మూడు ఉత్తరాలు రాసిన ఒసాకా కుర్రాడు.
అట్టలు నువ్వే అతికించి, దారం నువ్వే కట్టి,
కాలికి బలపం కట్టుకున్నట్టు ఊరూరా తిరిగావు
ఒక్క వైపరే పనిచేసే నీలం వ్యానులో.

దేవుడివేం కాదు నువ్వు.
పియానో వాయించిన లూకాస్‌కి ఇప్పటికీ బాకీ ఉన్నావు.
డ్రమ్ములు కొట్టే బాప్టిస్ట్
ఆ తలుపుని ఎంత గట్టిగా వేసి వెళ్ళాడంటే
గొళ్ళెం ఈ రోజుకీ సరిగ్గా పడదు.
నా కూతురు పుట్టిన రాత్రి
ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ
బాస్ పక్కన నన్ను తెల్లారేదాకా నిలబెట్టావు.
మోనిక్ నిన్ను క్షమించలేదు.
నేనూ లేదు.
కానీ రికార్డులో ఉన్నది ఆ ఆఖరి టేకే,
అదే బాగుంది, ఏం చెయ్యను.

నాలుగో నంబరు ట్రాము కిందనుంచి పోతుంటే
చెయ్యెత్తేవాడివి, అందరం ఆగేవాళ్ళం.
ఒక్కసారి మాత్రం ఎత్తలేదు.
సాక్సోఫోన్ పట్టుకున్న యోరిస్ కళ్ళు మూసుకుని
ట్రాము ఏ శ్రుతిలో మూలిగిందో
ఆ శ్రుతిలోకే దిగిపోయాడు.
బ్రస్సెల్స్ పత్రికలో ఎవరో రాశారు,
ఆ అడుగునున్న వాద్యం పేరేమిటో
అట్ట మీద వేసుండాల్సింది అని.
ఆ ముక్క కత్తిరించి గోడకి అంటించావు.
ఇంకా ఉంది, అంచులు పసుపెక్కి.

ప్రతి రాత్రీ, వాయించడం అయిపోయాక
మేం సిగరెట్ల కోసం జేబులు తడుముకుంటుంటే
"ఎవరూ కదలొద్దు, ఇప్పుడు గది" అనేవాడివి.
ముప్పై సెకన్లు, ఖాళీ గదిని టేపు మీదికి పట్టేవాడివి.
ఎందుకంటే, అతుకులకట.
రెండు టేకులు కలిపే చోట
మధ్యన చచ్చిన నిశ్శబ్దం పెడితే చెవికి తెలిసిపోతుందట,
ఆ గదిదే, ఆ రాత్రిదే నిశ్శబ్దం కావాలట.

ఆ ముక్కలన్నీ కలిపి ఒక టేపుగా చుట్టావని
ఇవాళే తెలిసింది, సొరుగు అడుగున.
పెట్టి విన్నాం.
రేడియేటరు గొణుగుడు. కిటికీ మీద వాన,
ఏ ఏడాది వానో.
ఎవరి కడుపో ఆకలికి మూలిగింది, నాదే అనుకుంటా.
ఇంకా దగ్గరగా, మైకుకి అందరికన్నా దగ్గరగా,
ఎడమ ముక్కు ఎప్పుడూ పట్టేసి ఉండే
ఒక మనిషి ఊపిరి.

ఇన్ని రికార్డుల్లో నీ గొంతు ఎక్కడా లేదు,
ఇన్ని అతుకుల్లోనూ నువ్వే ఉన్నావన్నమాట.

కప్పు కింద పెట్టబోయిన గోడలీవె
చెయ్యి అలాగే గాల్లో ఆపేసింది.
టేపు తిరుగుతోంది.
ఎవరం కదల్లేదు.