సుడి

రెస్క్యూ టీముల పేరెక్కిన రోజే చెప్పిండ్రు:
ముఖం మీద వెంట్రుక ఉండొద్దు.
రబ్బరు మాస్కుకూ చెంపకూ నడుమ
రెండు రోజుల గడ్డం సాలట,
గనిల విషపుగాలి
కొత్తల్లుని తీరు దర్జాగ లోపలికి రావడానికి.

దినాం గీకిన.
పొద్దుగాల నాలుగున్నరకు,
ఎనిమిదో కాలనీ క్వార్టర్ల సల్లటి నల్లా నీళ్లతోని,
నురగ సగం ఆరంగనే,
కిందికెల్లి మీదికి,
ఒక్క జాగలనే ఏడెనిమిది సార్లు.
అద్దంల నున్నగ కనవడితే సాలనుకున్న.
మొండి బ్లేడును పారేయబుద్ధి కాలె.
మా అమ్మ కొడుకును గద.

నెల తిరిగేసరికి
మెడ మీద ఎర్రపప్పు ఆరవోసినట్టు పొక్కులు.
బయటికి రావాల్సిన వెంట్రుకలు
తోలు కిందనే ముడుసుకొని పండుకున్నయి.
గనిలకు దిగితే చెమట, బొగ్గు నుసి,
మాస్కు పట్టీ సరిగ్గ ఆడనే ఒరుసుకునుడు.
సుర్రు సుర్రు.
ఎవలకు చెప్పుకుంట?
పైకప్పు కూలి మూడు వేళ్లు పోయిన లచ్చులు
నా పక్కనే కూసోని సద్ది తింటుంటడు.
ఆయన ముందట గడ్డం మంట అని ఎట్లంటం?

చెప్పింది లచ్చులే.
"బస్టాండు ఎనుక గల్లీల మొగిలి ఉంటడు, పో."

మొగిలి కత్తి తియ్యలె.
కండ్లు మూసుకొని
వేలికొసతోని నా మెడంత తడిమిండు,
చీకట్ల గొళ్లెం ఎతికినట్టు.

"ఎడ్లను కొనేటప్పుడు సుడి చూస్తరు.
నీ గదువ కింద సుడి ఉన్నది, ఎన్నడన్న చూసుకున్నవా?
ఈడ వెంట్రుక కిందికి పోతది.
ఈడ చెవి దిక్కు మళ్లుతది.
ఇగో, ఈడ గుండ్రంగ తిరిగి
తనను తానే ఎతుక్కుంటది.
నువ్వేమో అన్నిటినీ ఒకటే దిక్కు తోలవడితివి.
కోపం రాదా మరి?"

వేడినీళ్ల తువాల ముఖం మీద కప్పి
బయటికి పోయి బీడీ తాగొచ్చిండు.
ఆ బీడీయే కొలత. అంతసేపు నానాలె.
నానని మినుములు ఎవలన్న రుబ్బుతరా అన్నడు.

కొత్త బ్లేడు.
తోలు గుంజలె, ఒత్తలె.
కత్తి బరువే కత్తికి సాలన్నడు.
ఎటు పండుకున్న వెంట్రుకను అటే సాగనంపిండు,
ఒక్కసారి, అంతే.
"మాస్కు ఏడ ఆనుతదో సూపి."
వేలితోని గీత గీసి సూపిన.
ఆ గీత మీద మాత్రం మళ్లా నురగ వెట్టి
అడ్డంగ, ఊపిరి బిగవట్టి.

సల్లనీళ్లు. పట్క.
పట్క తాకంగనే కండ్లల్ల నీళ్లు తిరిగినయి,
తర్వాత ఏందో, అలిగినోడు మాట కలిపినట్టు.
గడప కాడ పాత రంగుడబ్బల పెరిగిన కలబంద మట్ట
విరిచి, తెల్లటి గుజ్జు రాసిండు.
"సెంటు నీ పెండ్లికి దాసుకో.
గోకకు. సూదితోని పొడవకు.
లోపలున్నది దానంతటదే బయటికొస్తది,
నువ్వు కొంచెం ఆగితే."

ఆయన గడ్డం మాత్రం రొమ్ము దాక ఉంటది.
ఒకనాడు అడిగిన.
"నా మెడకు ఐదు సుడులు,
అవి తెలిసినోడు మా అన్న ఒక్కడే.
గోదావరి దాటి మంచిర్యాలల దుకాణం పెట్టుకున్నడు."
తువాల దులిపిండు.
"మాటల్లేవు మాకు."

పొగ గదిల పరీక్ష నాడు
సారు నా మాస్కు గొట్టానికి అరచెయ్యి అడ్డం వెట్టిండు.
ఊపిరి గుంజిన.
రబ్బరు వచ్చి ముఖానికి అతుక్కున్నది,
చుట్టూత, గదువ కింద సుడి కాడ సుత.
ఏడా గాలి లేదు. ఏడా మంట లేదు.
ఆ క్షణం భయపడాల్సింది,
నవ్వొచ్చింది లోపట.

ఇప్పుడు అలారం పావుగంట ముందుకు జరిపిన.
పొయ్యి మీద నీళ్లు కాగుతుంటయి,
కండ్లు మూసుకొని మెడ తడుముకుంట.
నిమ్మకాయంత ఉన్న పట్క
చింతగింజంత అయ్యింది.
జీతాల నాడు ఇంకోటి తేవాలె.