పలకమీది పౌండ్లు

వాల్పరైసో కొండవాలున
పట్టాలమీద ఎక్కీ దిగే చెక్కపెట్టె.
పై గదిలో ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన చక్రం,
పక్కనే జిడ్డు పట్టిన ఇత్తడి పలక:
ఈ తాడు ఓర్చే లాగుడు తొమ్మిదివేల పౌండ్లు.

నా నోటుబుక్కుకు పౌండ్లు పడవు,
న్యూటన్లే కావాలి.
సున్నా పాయింటు నాలుగు అయిదు మూడు ఆరుతో గుణించి
పైన పౌండు, కింద పౌండు కొట్టేశాను.
నాలుగువేల ఎనభై రెండు.
పక్కన న్యూటన్లు అని రాసి
కింద రెండు గీతలు గీసి
పెన్నుకి మూత పెట్టేశాను.

దోన్ బల్దొమెరో గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుని
అంకెను వదిలేసి
దాని పక్క మాటనే చూశాడు చాలాసేపు.
"ఇస్మేనియా, నీ లెక్క ప్రకారం
పొద్దున్నే ఖాళీ పెట్టె తెగి సముద్రంలో పడాలమ్మా.
మరి ఇందాక ఎక్కింది ఇరవైమంది.
ఒకావిడ ఒళ్ళో గుమ్మడికాయ కూడానూ."

పౌండ్లు కిలోలయ్యాయి, సరే.
కిలో ఊరికే కూర్చునే సరుకు,
భూమి లాగితే గదా బరువు!
ఆ లాగుడే మరిచాను.
తొమ్మిది పాయింటు ఎనిమిది ఒకటి.
పుట్టిన్నాటి నుంచీ అరికాళ్ళని పట్టుకునే ఉంది,
అందుకే కాబోలు, గుర్తురాదు.

మళ్ళీ గుణించాను.
నలభైవేలు, పైన ముప్ఫై నాలుగు.
"ఆ ముప్ఫై నాలుగూ తాడుకి వదిలెయ్,
ముసలిది" అన్నాడు.

దిగేటప్పుడు పెట్టెలో
ఇరవై ఒకటోదాన్ని నేను.
నా బరువు ఏ యూనిట్లోనూ అడక్కుండా
తాడు కిర్రుమంది.